ఆరో తరగతి నాటికే

హనుమాన్ జంక్షన్, నూజివీడు, గన్నవరం ప్రాంతాల్లో పిల్లల మత్తు అలవాట్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ ఇంటర్మీడియట్ కళాశాలలు, ఇంజనీరింగ్ హాస్టళ్లు, గంజాయి పొట్లాల చుట్టూ తిరిగి అక్కడే ఆగిపోతుంది. అయితే అలవాటు మొదలయ్యే వయసు అంతకన్నా చాలా ముందే ఉన్నదని దేశంలో జరిగిన పెద్ద సర్వేలు చూపుతున్నాయి. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ కోసం ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన జాతీయ మత్తు చికిత్సా కేంద్రం 2013లో వెలువరించిన అధ్యయనం, అప్పటికే మత్తు పదార్థాలు వాడుతున్న నాలుగు వేల పైచిలుకు పిల్లలతో మాట్లాడి, వారికి పొగాకు సగటున 12.3 ఏళ్లకు, పీల్చే రసాయనాలు 12.4 ఏళ్లకు, గంజాయి 13.4 ఏళ్లకు, మద్యం 13.6 ఏళ్లకు మొదలైనట్లు తేల్చింది. 13 నుంచి 15 ఏళ్ల విద్యార్థుల పొగాకు వాడకంపై 2019లో జరిగిన జాతీయ సర్వేలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు బయటపడగా, ఖైనీ, గుట్కా వంటి పొగలేని పొగాకు అలవాటైన వారిలో సగానికి పైగా పదేళ్లు నిండకముందే దాన్ని మొదలుపెట్టినట్లు తెలిసింది. పెద్దలు కళాశాల గేటు దగ్గర కాపలా మొదలుపెట్టే సమయానికి, ఆ పిల్లల్లో చాలామంది ఆరో తరగతిలోనో ఏడో తరగతిలోనో మొదటి రుచి చూసేసి ఉంటారు.

సుమారు 10 నుంచి 14 ఏళ్ల వరకు ఉండే వయసును తొలి కౌమారం అంటారు. ఈ దశలో మెదడులో కొత్తదనాన్నీ తక్షణ సుఖాన్నీ వెతికే వ్యవస్థ ముందుగా చురుకెక్కుతుంది. నుదుటి వెనుక ఉండి, ముందూ వెనుకా ఆలోచించి ఆగమని చెప్పే పురోభాగ వల్కలం మాత్రం ఇరవయ్యో ఏడు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. నికోటిన్, మద్యం, గంజాయి వంటివన్నీ ఆ సుఖ వ్యవస్థలో డోపమిన్ అనే రసాయనాన్ని పెంచి, చేసిన పనిని మళ్లీ చేయమని మెదడుకు నేర్పుతాయి గనుక, ఇంకా ఎదుగుతున్న మెదడు ఆ పాఠాన్ని పెద్దవారి మెదడు కన్నా త్వరగా, గట్టిగా నేర్చుకుంటుంది. అమెరికాలో సుమారు 43 వేల మందిపై జరిగిన సర్వేను విశ్లేషించి బ్రిడ్జెట్ గ్రాంట్, డెబొరా డాసన్ 1997లో ప్రచురించిన వ్యాసం, 15 ఏళ్లలోపు తాగుడు మొదలుపెట్టిన వారిలో 40 శాతానికి పైగా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలయ్యారనీ, ఇరవై ఏళ్లకో ఆ తర్వాతో మొదలుపెట్టిన వారిలో ఆ సంఖ్య పది శాతం దగ్గరే ఉన్నదనీ చూపింది. మన దేశంలోనే ఉత్తర గోవాలో జరిగి 2014లో వెలువడిన పరిశోధన ఇంకా కలవరపెడుతుంది: మద్యం తాగే అలవాటు ఉన్న మగవారిలో కౌమారంలోనే మొదలుపెట్టినవారు, 1956–60 మధ్య పుట్టిన తరంలో నూటికి ఇరవై మంది లోపే ఉండగా, 1981–85 మధ్య పుట్టిన తరంలో 74 మందికి చేరారు. అంటే ఒక్క తరం గడిచేసరికి తాగుడు మొదలయ్యే వయసు కిందికి జారిపోయింది.

ఒక పిల్లవాడు ఆ వయసులోనే మత్తు వైపు మళ్లే అవకాశాన్ని పెంచే పరిస్థితిని పరిశోధకులు ముప్పు కారకం అని పిలుస్తారు. ముప్పు కారకం ఉన్నంత మాత్రాన ఆ పిల్లవాడు చెడిపోతాడని చెప్పడానికి వీల్లేదు. తాగే తండ్రి ఉన్న ఇళ్లలో పుట్టి జీవితాంతం చుక్క ముట్టని వాళ్లు కోకొల్లలు. డేవిడ్ హాకిన్స్, రిచర్డ్ కాటలానో, జానెట్ మిల్లర్ అనే ముగ్గురు పరిశోధకులు 1992లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసి, ఈ కారకాలు పిల్లవాడి స్వభావంలో, ఇంట్లో, బడిలో, స్నేహాల్లో, ఊరి పరిస్థితుల్లో విడివిడిగా ఉంటాయనీ, వాటిలో ఎన్ని ఒకే పిల్లవాడి మీద పోగుపడితే ప్రమాదం అంతగా పెరుగుతుందనీ చూపారు. కాబట్టి ఒక్క కారణాన్ని, సాధారణంగా చెడు సావాసాన్ని, పట్టుకుని దాని మీదే నేరమంతా మోపడం వల్ల ముందునుంచీ పేరుకుంటూ వచ్చిన మిగిలిన కారణాలు కనపడకుండా పోతాయి.

ఆ కారణాల్లో మొదటిది ఇల్లు. దీని గురించి మాట్లాడటానికి ఊళ్లు ఇబ్బందిపడతాయి గనుక దీన్నే ఎక్కువగా చర్చించవలసి ఉంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటిన మగవారిలో నూటికి ఇరవై మందికి పైగా మద్యం తాగుతారు, ఇరవై మందికి పైగా పొగాకు వాడతారు. వీరిలో చాలామంది తండ్రులు, మేనమామలు, బాబాయిలు. ఎనిమిదేళ్ల పిల్లవాడి చేతికి డబ్బులిచ్చి బడ్డీ కొట్టు నుంచి సిగరెట్లో ఖైనీ పొట్లమో తెమ్మని పంపడం ఇప్పటికీ చాలా ఇళ్లలో తప్పుగా కనిపించదు. ఆ చిన్న పనితో పిల్లవాడికి సరుకు ఎక్కడ దొరుకుతుందో తెలుస్తుంది, కొట్టువాడికి పిల్లవాడు పరిచయమవుతాడు, తర్వాత ఒక రోజు తన కోసమే కొన్నా అడిగేవాడు ఉండడు. పండక్కి వచ్చిన చుట్టాల మధ్య సరదాకు బీరు ఒక గుక్క తాగించడం, తాటికల్లు ఒంటికి చలువనే నమ్మకంతో పిల్లలకు పోయడం కూడా ఈ కోవలోవే. ఇంట్లో పెద్దల చేతి మీదుగా మొదటి గుక్క అందిన పిల్లలు తర్వాత తమంతట తాము తాగడం త్వరగా మొదలుపెట్టే అవకాశం ఎక్కువని అనేక దేశాల దీర్ఘకాల అధ్యయనాల్లో కనిపించింది. ఇంట్లో అలవాటు చేస్తే బయట అదుపులో ఉంటాడన్న వాదానికి వాటిలో బలం దొరకలేదు. 2015 నాటి బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం, వైద్యుడు చెబితే తప్ప, 18 ఏళ్లలోపు వారికి మద్యం, మత్తు మందులు, పొగాకు ఇవ్వడం ఏడేళ్ల వరకు కఠిన కారాగారానికీ, లక్ష రూపాయల వరకు జరిమానాకూ దారితీసే నేరం. ఇచ్చినవాడు కొట్టువాడైనా చుట్టమైనా ఆ సెక్షన్ తేడా చూపదు.

తాగే తండ్రి వల్ల వచ్చే ముప్పు అనుకరణతో ఆగదు. మద్యానికి బానిసయ్యే తత్వంలో దాదాపు సగం వంశపారంపర్యంగా వస్తుందని కవల పిల్లలపై జరిగిన అధ్యయనాలు అంచనా వేశాయి. అయితే జన్యువులను మార్చలేకపోయినా, రాత్రి పూట ఇంట్లో జరిగే గొడవ, తల్లి మీద పడే దెబ్బ, ఎప్పుడు ఏమవుతుందో తెలియని భయం మార్చగలిగినవి. అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా బృందం 1998లో ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధన, బాల్యంలో హింస, ఇంట్లో తాగుబోతుతనం, తల్లిపై దౌర్జన్యం వంటి అనుభవాలు ఎన్ని పెరిగితే పెద్దయ్యాక మత్తు అలవాట్లు అంతగా పెరుగుతాయని చూపింది. అలాంటి ఇంటి పిల్లవాడికి మొదటి సిగరెట్ సరదా కోసం మాత్రమే కాక, గుండె దడను కాసేపు మరిచిపోవడం కోసం కూడా అందివస్తుంది.

పిల్లల స్వభావాలు ఒకటి కావు. మాంట్రియల్ విశ్వవిద్యాలయానికి చెందిన పాట్రీషియా కాన్‌రాడ్ నాలుగు రకాల స్వభావాలను ముందే గుర్తించవచ్చని చెబుతారు: ఆలోచించకుండా దూకేవారు, ఎప్పుడూ కొత్త ఉత్కంఠ కావాలనేవారు, చిన్న ఆందోళనకే వణికిపోయేవారు, తమ వల్ల ఏమీ కాదని నిరాశలో ఉండేవారు. మొదటి ఇద్దరినీ అల్లరి పిల్లలుగా బడి వెంటనే గుర్తుపడుతుంది. చివరి ఇద్దరు వెనుక బెంచీలో మౌనంగా కూర్చుంటారు గనుక ఎవరి దృష్టికీ రారు, కానీ ముప్పు వారికీ ఉంది. కుదురుగా కూర్చోలేని, ఏ పని మీదా దృష్టి నిలవని పిల్లలకు వైద్యుడి సలహా అందకుండా దెబ్బలే అందితే ఆ ముప్పు మరింత పెరుగుతుంది.

సావాసం సంగతి నిజంగానే పెద్దది, కానీ జనం అనుకునే తీరులో కాదు. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో చేసిన ప్రయోగంలో 13–16 ఏళ్ల పిల్లలు కారు నడిపే ఆటను ఒంటరిగా ఆడినప్పటికన్నా స్నేహితులు చూస్తుండగా ఆడినప్పుడు చాలా ఎక్కువ సాహసానికి దిగారు. పెద్దవారిలో ఆ తేడా దాదాపు లేదు. ఎవరూ బలవంతపెట్టనక్కర్లేదు, చూస్తున్న కళ్లుంటే చాలన్నమాట. మరో వైపు, బడిలో వెనుకబడి, ఇంట్లో చీవాట్లు తిని, ఎక్కడా లెక్కలోకి రాని పిల్లలు తమలాంటి వారినే వెతుక్కుని జట్టు కడతారు. అలాంటి జట్టును చెడగొట్టి తమ పిల్లవాడిని బయటికి లాగాలని చూసే తల్లిదండ్రులు, అతడికి వేరే చోట గౌరవంగా నిలబడే స్థానం చూపించకపోతే, అతడు రెండో రోజుకే మళ్లీ అక్కడికి చేరతాడు.

ఊరి పరిస్థితుల విషయానికి వస్తే హనుమాన్ జంక్షన్ వంటి కూడలి పట్టణాలకు కొన్ని ప్రత్యేక చిక్కులున్నాయి. చెన్నైని కోల్‌కతాతో కలిపే పదహారో నంబరు జాతీయ రహదారి, నూజివీడు, గుడివాడ దారులు కలిసే చోట రాత్రీ పగలూ లారీలు, బస్సులు ఆగుతాయి. ఆగేవారి కోసం టీ బడ్డీలు, కిళ్ళీ కొట్లు, దాబాలు తెరిచే ఉంటాయి. పల్లెలో కొట్టువాడికి పిల్లవాడి తండ్రి తెలుసు, కూడలిలో ఎవరికీ ఎవరూ తెలియరు. వయసు అడిగే అలవాటు సన్నగిల్లడానికి అదే పెద్ద కారణం. సరుకు ఎంత దగ్గరగా, ఎంత చౌకగా, ఎంత సులువుగా దొరికితే చిన్న వయసు వాడకం అంత పెరుగుతుందన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకునే విషయం. ఈ కారణంగానే 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం 18 ఏళ్లలోపు వారికి అమ్మకాన్నీ, విద్యాసంస్థలకు వంద గజాల లోపు అమ్మకాన్నీ నిషేధించింది. విడి సిగరెట్టు, కొద్ది రూపాయలకే దొరికే పొట్లం మాత్రం పిల్లల జేబుకు సరిగ్గా సరిపోతూ ఉన్నాయి. రాష్ట్రంలో మద్యం కొనడానికి కనీస వయసు 21 ఏళ్లు. ఊరి లోపల లైసెన్సు లేకుండా నడిచే బెల్టు షాపులో ఆ నిబంధనను అమలు చేసేవారు లేరు. సంక్రాంతి మూడు రోజులూ కృష్ణా, గోదావరి జిల్లాల్లో కోడి పందేల బరుల పక్కన మద్యం, జూదం బాహాటంగా సాగుతున్నప్పుడు, తండ్రి భుజం మీద కూర్చుని చూసే పిల్లలకు ఊరి పెద్దలంతా కలిసి దాన్ని పండగలో భాగంగా పరిచయం చేస్తున్నారు.

గంజాయి విషయం ఇంకొంచెం వేరు. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో సాగైన పంటను నరికే పనిని 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు పెద్ద ఎత్తున చేపట్టి, పట్టుబడిన రెండు లక్షల కిలోల పైచిలుకు సరుకును 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలో తగలబెట్టారు; 2024లో ప్రభుత్వం ఈగల్ పేరుతో ప్రత్యేక విభాగాన్నే ఏర్పాటు చేసింది. ఏజెన్సీ నుంచి దక్షిణానికి వెళ్లే ప్రధాన మార్గం ఈ పదహారో నంబరు రహదారే గనుక కూడలి ఊళ్లలో పోలీసుల నిఘా అవసరమే. అయితే పై లెక్కల్లో చూసినట్లు పొగాకు సాధారణంగా గంజాయికి ఏడాది ముందే మొదలవుతుంది. ఎవరూ పట్టించుకోని బడ్డీ కొట్టును వదిలేసి గంజాయి ఒక్కదాని మీదే ఊరంతా దృష్టి పెడితే అప్పటికే ఆలస్యమైపోతుంది. పంక్చర్లు అతికించే సొల్యూషన్, వైట్‌నర్, పెట్రోలు వంటి వాటిని పీల్చడం మరీ నిశ్శబ్దంగా జరుగుతుంది. దేశవ్యాప్తంగా జరిపి 2019లో ప్రకటించిన సర్వేలో, పెద్దలకన్నా పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఇదొక్కటే: పిల్లల్లో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. వీటిలోని ద్రావకాలు గుండె లయను దెబ్బతీసి మొదటిసారి పీల్చినప్పుడే ప్రాణం తీయగలవు.

మామిడి తోటలున్న ఈ ప్రాంతానికి గల మరో ప్రత్యేకతను ఇక్కడ చెప్పుకోవాలి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు నూజివీడు, ఆగిరిపల్లి, బాపులపాడు చుట్టుపక్కల బంగినపల్లి, తోతాపురి, రసాల కోతలు సాగుతాయి. సరిగ్గా అదే కాలంలో బడులకు వేసవి సెలవులు. తల్లిదండ్రులు తెల్లవారకముందే తోటలకో మండీలకో వెళితే, పది నుంచి పధ్నాలుగేళ్ల పిల్లలు రోజంతా తమ మానాన తాము గడుపుతారు, లేదా వాళ్లతో పాటే చిక్కం పట్టుకుని కాయకోతకో, గడ్డి పరిచి కాయలు సర్దడానికో, రాత్రి తోట కాపలాకో వెళతారు. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం 14 ఏళ్లలోపు పిల్లల చేత పని చేయించడాన్ని నిషేధిస్తూనే, సెలవుల్లో సొంత కుటుంబం పనిలో సాయపడటానికి మినహాయింపు ఇచ్చింది. చేతిలో కూలి డబ్బు, పక్కన బీడీ కాల్చే పెద్దవాళ్లు, అడిగేవారు లేని సాయంత్రం, ఈ మూడూ ఒకేసారి ఒకే పిల్లవాడికి దొరకడం ముప్పు కారకాలు పోగుపడటమంటే ఏమిటో చూపిస్తుంది. పెద్దల పర్యవేక్షణ లేని గంటలు ఎన్ని ఎక్కువైతే వాడకం మొదలయ్యే అవకాశం అంత ఎక్కువన్నది చాలా దేశాల్లో తేలిన విషయం గనుక, ఈ ప్రాంతంలో నివారణ కార్యక్రమాలకు సరైన సమయం మార్చి నెల, సెలవులకు ముందు. జూన్ 26న, మాదకద్రవ్య వ్యతిరేక దినం నాడు జరిపే ర్యాలీలు సీజను ముగిసే వేళకు వస్తాయి.

పర్యవేక్షణ అనగానే చాలామంది తల్లిదండ్రులు ప్రశ్నల వర్షం, జేబు సోదా, ఫోను తనిఖీ అనుకుంటారు. స్వీడన్‌లో 703 మంది 14 ఏళ్ల పిల్లలనూ వారి తల్లిదండ్రులనూ అధ్యయనం చేసిన హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 2000లో వేరే విషయం కనుగొన్నారు: పిల్లలు ఎక్కడున్నారో ఏం చేస్తున్నారో బాగా తెలిసిన తల్లిదండ్రులకు ఆ సంగతి నిఘా ద్వారా తెలియలేదు, చాలావరకు పిల్లలే తమంతట తాము చెప్పడం వల్ల తెలిసింది, చెడు పనులకు అడ్డుపడింది కూడా ఆ చెప్పుకునే అలవాటే. పదకొండేళ్ల పిల్లవాడు బడిలో ఎవరో సిగరెట్ తెచ్చారని చెప్పినప్పుడు చెంప పగిలితే, మరోసారి అతడు ఏమీ చెప్పడు. అన్నం తినేటప్పుడు ఆ మాట విని, కోపం దిగమింగుకుని, ఇంకేం జరిగిందని అడగగలిగిన తల్లి అతడికి నిజమైన రక్షణ ఇస్తుంది. ఇది డబ్బుతో పని లేనిది, చదువుతో పని లేనిది, కానీ రోజంతా కూలి చేసి అలసి వచ్చిన మనిషికి ఎంత కష్టమో కూడా ఒప్పుకోవాలి.

బడి చేయగలిగింది చాలానే ఉంది. ఢిల్లీ, చెన్నై నగరాల్లోని 32 బడుల్లో 2004లో మొదలైన మైత్రి అనే ప్రయోగంలో, ఎనిమిదో తరగతి పిల్లలకన్నా ఆరో తరగతి పిల్లలే ఎక్కువగా పొగాకు వాడుతున్నట్లు కనిపించి పరిశోధకులు ఆశ్చర్యపోయారు. రెండేళ్ల పాటు తరగతి గదిలో ఆటలు, చర్చలు, తోటి విద్యార్థుల నాయకత్వంలో నడిచిన పాఠాలు అందిన బడుల్లో పొగాకు వాడకం తగ్గగా, అవి అందని బడుల్లో పెరిగింది. వీటికి భిన్నంగా, అమెరికాలో 1983లో లాస్ ఏంజెలెస్ నుంచి మొదలై దేశమంతా పాకిన డేర్ కార్యక్రమం, యూనిఫారంలో పోలీసు వచ్చి మత్తు వద్దని చెప్పే పద్ధతిలో ఏళ్ల తరబడి నడిచినా, వాడకాన్ని తగ్గించలేకపోయిందని 1990లలో వరుసగా వచ్చిన అధ్యయనాలు తేల్చాయి. కుళ్లిపోయిన ఊపిరితిత్తుల బొమ్మలు చూపి భయపెట్టడం, ప్రతిజ్ఞ చేయించడం మన బడుల్లోనూ సులువుగా జరిగిపోయే పనులు. పిల్లవాడికి కావలసింది, స్నేహితుడు పొట్లం చాపినప్పుడు నవ్వులపాలు కాకుండా తప్పించుకునే మాటను ముందే పదిసార్లు సాధన చేసి ఉండటం. బీహార్‌లోని నలందా జిల్లాలో జరిగి 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సెహర్ ప్రయోగం మరో సంగతి చెబుతుంది: పిల్లల గోడు వినడానికి శిక్షణ పొందిన సలహాదారు ఒకరు బడిలో ఉన్నప్పుడు బడి వాతావరణం మెరుగుపడి, దిగులు, వేధింపులు తగ్గాయి, అదే పనిని ఉపాధ్యాయుల మీదే మోపినప్పుడు ఫలితం కనిపించలేదు. పాఠాలు, పరీక్షలు, యాప్‌లలో హాజరు నమోదు మధ్య ఊపిరాడని ఉపాధ్యాయులకు ఇంకో బాధ్యత తగిలించే ముందు ప్రభుత్వం దీన్ని గమనించాలి.

ఊరంతా కలిస్తే ఎంత మార్పు వస్తుందో ఐస్‌లాండ్ చూపింది. 1998లో అక్కడి 15–16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో ఒకసారైనా మత్తుగా తాగినట్లు చెప్పగా, 2016 నాటికి ఆ సంఖ్య 5 శాతానికి పడిపోయింది. రోజూ పొగ తాగేవారు 23 శాతం నుంచి 3 శాతానికి తగ్గారు. అమ్మకం వయసులు కఠినం చేయడం, రాత్రి పూట పిల్లలు బయట తిరగకుండా తల్లిదండ్రులంతా ఒకే మాట మీద నిలవడం, ఆటలకూ సంగీతానికీ ప్రభుత్వం డబ్బు పెట్టడం, ఏటా పిల్లలనే అడిగి లెక్కలు తీసి ప్రతి బడికీ చూపడం వారు చేసిన పనులు. అది చిన్న, సంపన్న దేశం. అయినా సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు ఉన్నత పాఠశాల మైదానం తెరిచి ఉంచి, ఒక వ్యాయామ ఉపాధ్యాయుడిని అక్కడ నిలపడం బాపులపాడు మండలానికి అసాధ్యమేమీ కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1992లో అక్షరాస్యతా కేంద్రాల నుంచి లేచి సారా దుకాణాలను మూయించి, మరుసటి ఏడాది అక్టోబరు నాటికి రాష్ట్రమంతటా సారా నిషేధం తెప్పించిన చరిత్ర తెలుగు నేలకు ఉంది. ఆ నిషేధం నిలిచింది, 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం 1997లోనే సడలిపోయింది. కానీ బడి ఎదుట కొట్టులో పిల్లలకు అమ్మకూడదని వీధి ఆడవాళ్లు పట్టుబట్టడానికి కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు.

ఇంట్లో పిల్లవాడు పట్టుబడినప్పుడు తల్లిదండ్రులను మొదట ఆపేది పరువు, తర్వాత పోలీసు కేసు భయం. 18 ఏళ్లలోపు వారి వ్యవహారం బాల న్యాయ చట్టం కిందికి వస్తుంది గనుక మత్తు వాడినందుకు జైలు ప్రసక్తి ఉండదు. మత్తుకు లోనయ్యే ప్రమాదంలో ఉన్న పిల్లవాడిని ఆ చట్టం సంరక్షణ అవసరమైన బాలుడిగానే చూస్తుంది, పిల్లల చేత మత్తు సరుకు మోయించినవారికి 78వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష వేస్తుంది. మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ కూడా, తక్కువ మోతాదుతో దొరికి తనంతట తాను చికిత్సకు ముందుకొచ్చిన బాధితుడికి విచారణ నుంచి మినహాయింపు ఇస్తుంది. 12, 13 ఏళ్ల వయసులో చాలామందికి ఆసుపత్రిలో చేరే అవసరమే ఉండదు. మానసిక వైద్యుడో సలహాదారో కొన్ని విడతలు మాట్లాడటం, నిద్ర, దిగులు, చదువులో ఇబ్బంది వంటి అసలు సమస్యకు చికిత్స చేయడం, తండ్రి కూడా తాగేవాడైతే అతడినీ కూర్చోబెట్టడం సరిపోతాయి. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరులో, మత్తు విముక్తి సలహాకు 14446లో, ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098లో ఉచితంగా మాట్లాడవచ్చు. సరుకు ఎక్కడ అమ్ముతున్నారో చెప్పడానికి ఈగల్ నంబరు 1972. టెలిమానస్‌కు పగలైనా రాత్రైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, చేసినవారి వివరాలు బయటికి చెప్పరు.